డబ్బా అడుగు

నా మోకాళ్ళు ఎనిమిదో ఏటనే వంగినయి.
మర్రిగూడ దిక్కు మా ఊరి బోరునీళ్ళు
బొక్కల్ల దూరి కూసుంటయి,
లెవ్వమంటే లెవ్వవు.
అమ్మకు అప్పటికి తెలిసొచ్చింది.
తమ్ముడు కడుపుల ఉండంగనే ఒట్టు పెట్టుకున్నది:
'వీనికి ఈ నీళ్ళు ముట్టియ్య.'

నాలుగు మైళ్ళ అవుతల పాతకాలం మోటబాయి,
అండ్ల నీళ్ళు మంచియి.
అమ్మ దినాం ఒక్క బిందె తెచ్చేది,
అది వాని ఒక్కని బిందె.
దూపైతే మేము బోరునీళ్ళే తాగేది,
ఆ బిందెను చూసుకుంట.

పదేండ్లొచ్చినంక మల్సూరు
వాని నీళ్ళు వాడే తెచ్చుకున్నడు.
కిరాయి సైకిలు, సుతిలి తాడు,
రెండు దిక్కుల రెండు మంచినూనె డబ్బాలు.
ఒకటి వానికి. ఇంకోటి
ఏం చెప్పకుంటనే నా మంచం కింద పెట్టెటోడు.
నా బొక్కలకు అప్పటికే ఆలస్యమైంది.
అయినా తాగిన.

సికింద్రాబాద్‌ల ఫౌజు భర్తీకి పోతే
డాక్టరు నోరు తెరిపిచ్చి పండ్లు చూసిండట,
'ఏ జిల్లా?' అన్నడట.
నల్లగొండ అంటే నమ్మక
మళ్ళొకసారి లైటేసి చూసిండట.
తెల్లటి పండ్లు.
ఆ పండ్ల కోసం అమ్మ నడినెత్తిల
వెంట్రుకలు మొలుసుడు బందైన సంగతి
ఫారంల ఏ గడిల రాస్తరు?

తొంబై తొమ్మిది. మిర్గం ముంగట.
పత్తి గింజలకు అప్పు దొరకక మేము తిరుగుతుంటే
వాడు కార్గిల్ దిక్కు గుట్టలెక్కుతున్నడు.
ఇన్‌లాండు కవరొచ్చింది.
'అన్నా, ఈడ మంచు మస్తుగున్నది,
కరిగిచ్చి తాగితే అమ్మ బిందె నీళ్ళ లెక్కనే.
నువ్వొస్తే ఎంతైనా తాగొచ్చు.'
రేషను కార్డుల మడిచి దాసిన.

అది పై గుట్ట ఎక్కకముందు రాసిన కవరు.

పైన గుండ్లు పడి పడి
మంచు నల్లగయిందట. మందు వాసనట.
నోట్లె పెడితే నాలిక మండుతదట.
కిందికెంచి మోసుకపోవాలె నీళ్ళు,
తూటాలతోని పాటు, నడిరాత్రి, చీకట్ల.
ఎవరు పోతరంటే
నీళ్ళు మోసుడు నాకు కొత్తనా అని వీడు లేచిండట.

ఇవన్ని వాడు చెప్పినయి కావు.
వాని పెండ్లికొచ్చిన దోస్తు, ఒరియా ఆయన,
నాకు సగమే అర్థమయ్యే హిందీల చెప్పినయి.

వాడు చెప్పింది ఒక్కటే.
ఇరవై ఏండ్ల తర్వాత, బర్రె ఈనిన రాత్రి,
కొట్టంల బ్యాటరీ లైటు పట్టుకొని:

'అన్నా, ఆ రాత్రి ఎక్కుతుంటే ఎక్కుతుంటే
వీపు మీద బరువు తగ్గుకుంట వచ్చింది.
నాకు సంబురమైంది.
గుట్టలు అలవాటైనయి, బలమొచ్చింది అనుకున్న.
పైకి పోయి దించితే
డబ్బా అడుగున చిటికెన వేలంత తొర్ర.
తూటానో, రాయో. చప్పుడన్న కాలే.
బండ సందుల నలుగురున్నరు.
ఒక పోరడు, వానికింక మీసాలు గూడ రాలే,
డబ్బా వంచి చూసిండు.
గుక్కెడు మిగిలినయి.
మూతి నా దిక్కు తిప్పిండు.
ఇంత దూరం మోసినవ్, నువ్వు తాగు, అన్నడు.'

'తాగినవా?' అని అడిగిన.

బర్రె దూడను నాకుతున్నది.
లైటు ఇంకో చేతిలకు మార్చుకున్నడు.

ఇప్పుడు మా వాడకు నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి.
మెడలు పెట్టెల ఉన్నయి,
పురుగు పట్టకుంట మరదలు కలరా ఉండలేసింది.
పొద్దుగాల నల్లా వచ్చే యాళ్ళకు
మల్సూరు బిందెలన్ని వాకిట్ల బోర్లిస్తడు,
ఒక్కోదాని అడుగు అరచేతితోని తడుముతడు.
నిన్న కొన్న స్టీలు బిందెను గూడ.
నల్లా పోతది, జల్ది పట్టుండ్రి, అని మరదలు మొత్తుకుంటది.
నేను వంకర మోకాళ్ళు జాపుకొని
గోడకు ఆనుకొని కూసుంట.
ఏమనను.
తడుమనీ.