నోటినిండా

మామూలు స్లైడులో కొవ్వు కనిపించదు.
స్పిరిట్టు కడిగేస్తుంది. మిగిలేవి ఖాళీ గుంటలు,
వానలు వెళ్ళాక బరంపురం రోడ్ల మీద మిగిలినట్టు.
అందుకే లోపాముద్ర మేడం థీసిస్ ముక్కల్ని
మంచులో బిగించి కోస్తాను,
నూనెని వెతికి అంటుకునే ఎర్రరంగులో ముంచుతాను.

ఇవాళ్టిది పందొమ్మిదో నంబరు.
పేరు రాయకూడదు. నాకు తెలుసు.
కోరాడ తవిటమ్మ, దేరా వీధి.
పట్టుచీర అంచుకి నలభై ఏళ్ళు కుంభాలెక్కించిన చెయ్యి.
బరువు ముప్పై ఎనిమిది కిలోలు.

కణితి అంచున కాపలా కణాలు గుంపులుగా ఉన్నాయి.
రాలేదనడానికి లేదు.
వచ్చాయి, పోల్చుకున్నాయి, ఒరుసుకుని నిలబడ్డాయి.
ఒక్కోదాని కడుపులో మాత్రం ఎర్రటి బొట్లు,
మా అన్నయ్య అప్పడాల కొట్లో
మూకుడు దించాక గచ్చు మీద మిగిలేలాంటివి.

మేడం సగం ఒడియాలో, సగం ఇంగ్లీషులో చెప్పింది.
నేను నాలోపల తెలుగు చేసుకున్నాను.
వీటిలో కొన్ని చంపేవి.
చెయ్యి ఎత్తుతాయి, దెబ్బ పడదు.
లోపలి విషపు తిత్తులు
కొవ్వు దాటుకుని అంచుదాకా నడవలేవు.
కొన్ని చాటింపు వేసేవి.
దొంగ వదిలిన గుడ్డపీలిక చూపించి
ఊరంతా లేపాల్సినవి.
నోటినిండా కుక్కుకున్నవాడు కేకెయ్యగలడా?

ఇంత బక్కమనిషిలో ఇంత కొవ్వు ఎక్కడిది మేడం, అన్నాను.
వార్డులో అందరూ తిట్టేవారు,
నూనె తిన్నావు, అందుకే వచ్చిందని.
తవిటమ్మ నవ్వేది. "తింటే బాగున్ను తల్లీ."

మేడం పెన్సిల్ మొనతో కణితిని తాకినట్టు చూపించింది.
లావుపాటి ఒంట్లో అయితే ఒంటి కొవ్వే వచ్చి చేరొచ్చు.
ఇక్కడ పెడుతున్నది ఇదేనేమో.
దొంగే పొయ్యి వెలిగించి,
కాపలావాళ్ళని కూర్చోబెట్టి,
అడక్కుండానే మారు వడ్డిస్తోంది.
ఉప్పు తిన్నాక చెయ్యి లేవదు.

ఎలుకల్లో ఆ కొవ్వు లోపలికి దిగే దారి మూసేస్తే
కణాలు మళ్ళీ కొట్టాయట.
"ఎలుకల్లో," అని మేడం రెండోసారి అంది.

పోయిన బుధవారం సంగతి రాయకుండా
ఈ ముక్క గురించి రాయడం కుదరదు.
తవిటమ్మ లేబ్ గుమ్మంలోకొచ్చింది,
స్టీలు డబ్బాతో.
"నా కాయితం వొచ్చిందేటి?
ఆ డాట్రమ్మ మాట నాకు తెలీదు.
నువ్వు మన మాటలో సెప్పు."
కాగితం నా సొరుగులోనే ఉంది.
మేడం కూడా అనే ఉంది,
మీ భాషే కదా, నెమ్మదిగా నువ్వే చెప్పు అని.

"ముందు తిను," అంది. సున్నుండ.
మినపపిండి, బెల్లం, అంత పేదింటి నెయ్యి
అంగిట్లో అతుక్కున్నాయి.
"ఎలాగుంది?"
తలూపాను.
తలూపుతూనే ఉన్నాను,
ఆమె ఎక్స్‌రే గది మలుపు తిరిగేదాకా.

మైక్రోస్కోపు దీపం ఆర్పేశాను.
గోళ్ళ సందుల్లో ఎరుపు సబ్బుకి పోలేదు.
ఎవరిచ్చిన డబ్బా అయినా
ఖాళీగా తిరిగివ్వకూడదంటుంది మా అమ్మ.
పెద్ద బజారులో అరటిపళ్ళు కొన్నాను,
మెత్తనివి, ఆమె మింగగలిగేవి.
వాటి కింద మడిచిన కాగితం.

దేరా వీధిలో ఆ ఒక్క ఇంట్లోనే మగ్గం ఆడట్లేదు.
కుళాయి దగ్గర ఆగి
నోరు పుక్కిలించుకున్నాను, రెండుసార్లు,
బుధవారం నుంచీ అంగిట్లో ఏదో ఉన్నట్టు.
తర్వాత తలుపు కొట్టాను.