తగ్గిన పిన్ను

ఓటేసి వచ్చి వేలు ఆరబెట్టుకుంటుంటే
హలసూరు టీ కొట్టు బల్ల మీద జల్మయి అడిగాడు,
"చెంగల్రాయుడన్నా, ఆ సిరా మైసూరుదేనా?"
మైసూరుదే.
"మా అక్క వేలికి పూసిందీ అదేనేమో" అన్నాడు.
ఆ తర్వాత చాలాసేపు టీ ముట్టలేదు.

వాడి హిందీ కాబూల్‌లో సినిమాలు చూసి నేర్చింది,
నాది పటాలంలో తిట్లు తిని నేర్చింది.
ఇద్దరికీ సరిగ్గా రాదు,
అందుకే అబద్ధం చెప్పడం కుదరదు.

నేను సాపర్ని, తమ్ముడూ.
ఎనభై ఏడులో సముద్రం దాటేనాటికి ఇరవై రెండేళ్లు.
శాంతి కోసం అన్నారు. నమ్మాను.
నమ్మకపోతే బూటు లేసు కూడా కట్టుకోలేం.
మొదటి వారం దండలేశారు,
ఒకామె కొబ్బరినీళ్లు తెచ్చి తాగేదాకా కదల్లేదు.
మూడో నెలకి అదే వీధిలో
మా బూట్ల చప్పుడుకి
ఒక్కో గడియా లోపలినుంచి పడేది.

బెయిలీ వంతెనని ఒకటుంటుంది.
పలకలు, రోలర్లు, జానెడు ఉక్కు పిన్నులు.
నలభైమందిమి చీకట్లో మొదలుపెడితే
కోడి కూసేలోపు లారీ దాటేది.
ఒడ్డు మట్టి ఎలాంటిదో ముందు చూడాలి.
అక్కడ మేం ఆఖర్న చూశాం.

ఒక ఎన్నిక కూడా అలాగే వేశాం.
పెట్టెలు మా లారీలో, కాగితాలు మా లారీలో,
అభ్యర్థీ మా లారీలోనే
కిటికీ కిందకి వంగి కూర్చుని వచ్చాడు.
గెలిచాడు.
సెల్యూట్ కొట్టిన చెయ్యి ఇదే.
రెండేళ్లు తిరక్కుండా మేం ఓడెక్కే రోజున
రేవులో కనిపించాడు, చంకలో బిడ్డ.
సాగనంపడానికనుకున్నా.
ఓడలో చోటుందా అని అడిగాడు.

వంతెన విప్పి తెచ్చుకున్నాం.
రిజిస్టర్‌లో లెక్క సరిపోయింది,
ఒక్క పిన్ను తప్ప. దానికి నా జీతం కోశారు.
నాగభూషణం కాలు ఏ రిజిస్టర్‌లోనూ లేదు,
కాబట్టి తగ్గలేదు.

"మీ దగ్గరైతే ఇరవయ్యేళ్లు ఉన్నారు కదా" అన్నా,
కొంచెం ఎగతాళిగానే.
జల్మయి గ్లాసు పక్కన పెట్టాడు.
"ఆ ఇరవయ్యేళ్లలోనే మా అక్క పన్నెండు చదివింది.
దాన్ని వంతెన అనకన్నా.
ఎవరో ట్యాంకులో తెచ్చివ్వలేదు,
మంచులో నడిచెళ్లి తెచ్చుకుంది."
కాసేపాగి, తనలో తను గొణుక్కున్నట్టు,
"సందు చివర ఆ తుపాకీ లేకపోతే నడిచేదా?
తెలీదు. అదే నిద్రపోనివ్వదు."

వాళ్ల విమానాలు లేచిన వారానికి
నల్లమచ్చ వేలు చూపిస్తూ దిగిన ఫోటో
అక్క తనే పొయ్యిలో వేసిందట.

నేను తీర్పరిని కాను, వాచ్‌మన్‌ని.
అయినా ఒకటి చెప్తా.
పొద్దున పోలింగ్ బూత్‌లో ఒక ముసలామె,
పూలమ్ముకునే మనిషి,
లిస్టులో పేరు లేదని ఆఫీసర్ని
కన్నడంలో మొదలుపెట్టి తమిళంలో ముగించింది.
పోలీసు నవ్వుతూ కుర్చీ వేశాడు.
ఆఫీసర్ చెమట తుడుచుకుని మళ్లీ వెతికాడు.
దొరికింది, వేరే పేజీలో, ఇంటిపేరు తప్పుగా.

ఆ తిట్టుని ఏ ఓడలోంచి దించుతాం చెప్పు?
ఎన్ని టన్నులని రాస్తాం?
ఇంతా చేసి ఇక్కడా ఎన్ని పేర్లు లేవో,
దొరక్కుండానే ఎంతమంది వెనక్కెళ్లారో,
అదీ నాకు తెలీదు.

టీ డబ్బులు వాడే ఇచ్చాడు.
రేపు వీసా కాగితాల లైన్లో నిలబడాలట,
మూడోసారి.
నాకు నైట్ డ్యూటీ.

జల్మయికీ చెప్పనిది ఒకటుంది.
తగ్గిన పిన్ను పోలేదు. నేనే దాచాను.
ఎందుకో ఇప్పటికీ సరిగ్గా తెలీదు.
మా అపార్ట్‌మెంట్ గేటుకి గొళ్లెం విరిగితే
అదే దూర్చి పెట్టాను.
రాత్రి పదకొండుకి లోపలినుంచి వేస్తాను,
ఎవరైనా వచ్చి పిలిస్తే
లేచి నేనే తీస్తాను.