మూడో వంతు

గుంటూరు జిల్లా కోర్టు ఎదురుగా
జిరాక్సు షాపుకీ సోడా బండికీ మధ్య
ఆరడుగుల గది నాది.
టైపు మిషను రోజుల్లో తప్పు పడితే
తెల్ల సిరా పూసి, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చునేవాణ్ణి.

జూలై ఒకటిన చట్టాలు పేర్లు మార్చుకున్నాయి.
సెక్షన్ల నెంబర్లు
సిటీ బస్సు రూట్లు మారినట్టు మారాయి.
ఇరవై ఏడేళ్ళుగా నిద్రలో కూడా అప్పజెప్పిన అంకెలు
ఒక్క రాత్రిలో పాతబడ్డాయి.

యలవర్తి లాయరుగారు గెజిట్ కాయితం బల్ల మీద పెట్టి
గోటితో ఒక చోట గీత గీశారు.
"విచారణ ఖైదీ, మొదటి తప్పు అయితే
శిక్షలో సగం దాకా ఆగక్కర్లేదు. మూడో వంతు చాలు.
నీ నమూనాల్లో మార్చెయ్ మీరావలీ."

అన్నీ ఒకేసారి మార్చే మీట ఉంది.
నొక్కాను.
డెబ్భై మూడు చోట్ల, అంది మిషను.

సాయంత్రం చూసుకుంటే
మనోవర్తి కేసులో భార్య
మొగుడి జీతంలో మూడో వంతు అడుగుతోంది.
కొల్లిపర తగాదాలో గడ్డివామి మూడో వంతే కాలింది.
పెదకాకాని సాక్షి
మూడో వంతు తెరిచిన తలుపులోంచి
అంతా చూశానంటున్నాడు.
ఒక్కొక్క సగాన్నీ వెనక్కి పిలుచుకొచ్చేసరికి
సోడా బండి కూడా ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు సువార్తమ్మ.
కోల్డ్ స్టోరేజీలో మిరప తొడిమలు తీసే మనిషి,
నీళ్ళ గ్లాసు ఇచ్చినా వేలి కొసలతో పట్టుకోదు,
అరచేతుల మధ్య ఇరికించుకుంటుంది.
మొగుడు ఏసోబు, మిర్చి యార్డులో హమాలీ.
రెండు టిక్కీల తేజ కాయ మాయమైందని
లోపల వేసి పద్నాలుగు నెలలు.
మూడేళ్ళ శిక్ష, అందులో సగం పద్దెనిమిది,
అప్పుడు రా అమ్మా, అని
పోయిన చలికాలం నేనే తిప్పి పంపాను.

"లెక్క మారింది, ఏడాది చాలు" అన్నాను.
వేళ్ళు మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.
"మరి పైన రెండు నెల్లు?"
పైన రెండు నెలలకి సెక్షను లేదు.
టైపు చేస్తున్నట్టు నటించాను.

రేటు పేజీకి ఇరవై. ఆమెకి పదే.
చదివి వినిపించడం నాకు అలవాటు,
వేలిముద్ర వేసేవాళ్ళకి అదొక్కటే చదువు:
"సదరు ముద్దాయికి ఇంతకు మునుపు
ఏ నేరంలోనూ శిక్ష పడి ఉండలేదు..."

"పళ్ళేదు బాబూ" అంది వెంటనే.
"పేకాట కేసులో రెండొందలు కట్టాడంతే.
వాయిదాలు తిరగలేవు, ఒప్పుకుంటే ఇవాళ్టితో పోద్దన్నారు.
తొమ్మిది మందీ ఒప్పుకున్నారు.
మావోడు అసలు ఆడనే లేదు, పక్కన కూసుని
బీడీ కాలుస్తన్నాడు.
రసీదు కూడా ఉంది, చూడు."

జాకెట్లోంచి చిన్న పర్సు,
పర్సులోంచి ప్లాస్టిక్ సంచి,
అందులో నాలుగు మడతల కాయితం.
ఆరేళ్ళ కిందటిది. నలగలేదు.
భూమి పట్టా దాచినట్టు దాచింది.
విప్పగానే కారం ఘాటు,
రెండు సార్లు తుమ్మాను.

రెండొందలైనా శిక్ష శిక్షే.
మొదటి తప్పు అప్పుడే అయిపోయింది,
ఆడని ఆటలో.
ఇక మూడో వంతు లేదు ఏసోబుకి, పాత సగమే.
ఇంకో నాలుగు నెలలు.

"క్రిస్మసుకి వచ్చేస్తాడుగా?"

గీత ఒకటి తెర మీద
కొట్టుకుంటోంది, ఆగుతోంది, కొట్టుకుంటోంది,
'పడి ఉండలేదు' అన్న మాట పక్కన.
ఆ మాట ఉంచనా, తీసెయ్యనా?
లాయరుగారికి చూపించమ్మా అనబోయి
ఆయన ఫీజు గుర్తొచ్చి ఆగాను.

ఫైలు మూసేశాను.
మార్పులు దాచాలా, వద్దా
అని అడిగింది మిషను.
ఇన్నేళ్ళూ చూడకుండా నొక్కిన ప్రశ్న.

సువార్తమ్మ ఇంకా
రసీదు చాచే ఉంది.