మూడు నిమిషాల నలభై

గడియారం చౌరస్తాల, జిరాక్స్ షాపు మీద
మా స్టూడియో.
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
కిటికీకి గొంగడి.
బస్సుల హారన్లు లోపలికి రావద్దని
ఈదమ్మ తన భుజం మీదిదే తీసిచ్చింది.

రెండు దినాల్ల ఎనిమిది తత్వాలు పాడింది.
కోయిలకొండ దిక్కు ఎవరింట్ల పీనుగ
తెల్లారేదాకా ఆగాల్సొచ్చినా
రాత్రంతా కూసోని పాడే గొంతు అది.
మైకు ముందు నిలబడుమంటే
"నేను నిలబడితె జీవుడు గూడ నిలబడ్తడు,
కదలడు బిడ్డా" అని
చాప పరిపిచ్చుకున్నది.

సీడీ దసరాకు అన్నడు
పైసలు వెట్టిన వీరేశం సేటు.
అంతకు ముందుగాల ఒక్క పాట రేడియోకు ఇయ్యాలె,
జనం నోట్ల పడాలె.
ఆయనది పల్లికాయ యాపారం,
సంచిలకెల్లి పిడికెడు తీసి
అరచేతుల చూపెట్టినట్టు.

రేడియోవాళ్లు అడిగింది మూడు నిమిషాల నలభై.
ఆమె పాడింది పదకొండు.
పదకొండు నిమిషాల్ల
నాలుగు చరణాలు, రెండు దగ్గులు,
కింద మటన్ షాపు మేక అరిస్తే ఒక నవ్వు.
మిగిలిందంత ఊపిరే.
మాటకు మాటకు నడుమ
ఎండాకాలం బాయిల బొక్కెన చేదినట్టు
పొడుగు ఊపిరి.

నేను కోసిన.
రాత్రి రెండు దాకా హెడ్‌ఫోన్లు పెట్టుకోని
కలుపు తీసినట్టు ఒక్కొక్కటి తీసిన.
కింద కొంచెం కీబోర్డు పరిచిన.
బాగనే వచ్చింది.
అందరు బాగుందనే అన్నరు.

శుక్రవారం పొద్దుగాల ఆరుంబావుకు వచ్చింది.
జడ్చర్ల బస్సుల డ్రైవరు సౌండు పెంచిండట.
దేవరకద్రకెల్లి ఎవరో ఫోన్ చేసి
మల్లొక్కసారి వెయ్యుమన్నరట.
సేటు పేరు తప్పు చదివిండ్రు.
ఆమె పేరు చదవనే లేదు,
జానపద గీతం అన్నరు.

ఆదివారం గొంగడి కోసం వచ్చింది ఈదమ్మ.
రేడియో ఇన్నవా అన్న.
కల్లు దుకాణం కాడ ఇన్నదట.
కొంచెం సేపు కాళ్ల దిక్కు చూసి
"మంచిగుంది బిడ్డా.
పాడినామె ఎవరో గని
ఒక్కపారి గూడ దమ్ము తీసుకోలే" అన్నది.
నేను నవ్వబోయిన. ఆమె నవ్వలే.
"సచ్చినోళ్ల పక్కన కూసున్నప్పుడు
పాడేటోళ్ల ఊపిరి ఇనబడాలె.
లేకుంటె ఆ ఇంట్ల పిల్లలు
ఎవర్ని చూసి ధైర్యం తెచ్చుకోవాలె?"

గొంగడి దులిపి భుజాన ఏసుకోని పోయింది.
కిటికీలకెల్లి
జడ్చర్ల బస్సు, నారాయణపేట బస్సు,
అన్ని ఒక్కపారే లోపలికి వచ్చినయి.

సీడీ రాలే.
ఆ యేడు పల్లికాయ రేటు పడ్డది,
సేటు ఫోన్ ఎత్తుడు బందువెట్టిండు.
తర్వాత నేను కంప్యూటర్ మార్చిన,
ఏడు పాటలు పాతదాంట్లనే ఉండిపోయినయి,
అది ఆన్ కాదు.
రేడియోకు ఇచ్చిన పాట
ఇప్పుడు యాడుందో అడగలే.

కోసినయి మాత్రం
కొత్తదాంట్లకు తెచ్చుకున్న, ఎందుకో.
అన్ని కలిపి అతికితె ఏడు నిమిషాల ఇరవై.
కరెంటు పోయి, కింద షాపు మూసి,
ఇన్వర్టర్ మీద ఒక్కన్నే ఉన్న రాత్రుల్ల
పెట్టుకుంట.
పదం ఉండదు. రాగం ఉండదు.
నడుమల ఒక్కపారి మేక అరుస్తది,
ఆమె నవ్వుతది.