తినే తావు

జమ్మలమడుగు దాటి మొదటి మలుపు తిరగంగానే
వెనక సీట్లోంచి ఎవరో ఒకరు అడుగుతారు:
"అన్నా, పైన యాడ తింటే బాగుంటాది?"
పదకొండేండ్లుగా ఈ దోవన జీపు తోల్తాండా,
పెన్నను గురించి ఇంత తొందరగా ఎవరూ అడగల్యా.

ఫోన్లో చుక్కలు లెక్కబెట్టుకుంటారు.
నాలుగున్నర చుక్కల హోటలంట.
చుక్కలేసినోడు రేతిరి పూట తిన్నాడేమో.

నాకు తెలిసిన తావులు ఆ ఫోన్లో లేవు.
పాత బస్టాండు వెనక ఓబుళప్ప కారం దోశ ఉంది,
ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లి మడిచిందంటే
చెవుల్లో ఈల మోగాల.
ఎనిమిదిన్నరకు పిండి అయిపోతాది.
తొమ్మిదికి పోతే పెనం కడుగుతా
మన పక్క చూడను గూడా చూడడు,
వచ్చింది ఎంత పెద్ద సారైనా అంతే.

ఇంక కోట వాకిలికి ఈ పక్క
కాశింబీ రేకుల కొట్టు.
ఉగ్గాని, మిరక్కాయ బజ్జి. మూడోది అడగగూడదు.
"బొరుగులు ఎంతసేపు నానాలమ్మా?" అని
బెంగుళూరు పిల్ల ఒకతి పుస్తకం తెరిచి అడిగితే
"బిస్మిల్లా అనేంత సేపు" అనింది.
ఆ పిల్ల ఏం రాసుకుందో నాకు తెలీదు.
బజ్జి కొరికి, కండ్లనీళ్లు కారుతాంటే
ఇంకోటి పెట్టమని చేయి చాపినోళ్లను చూసినా.
లోయ అంచున నిలబడినోళ్లు మాత్రం
ఒక ఫొటో తీసుకుని నీళ్లబాటిలు వెతుక్కుంటారు.

ఒకసారి వాన.
గుడారాలు గాలికి లేచి బండల మింద పడినాయి.
ఎనిమిదిమందిని తీస్కపోయి ఆమె ఇంట్లో దించినా.
"ఏం లేదు నాయనా" అంటానే
సట్టిలోంచి రాగిసంగటి ముద్దలు తీసింది,
చెనిక్కాయల ఊరిబిండి, గోగాకు, పచ్చి ఎర్రగడ్డ.
సంగటి నమలగూడదు, మింగాలని
ఆమె మనమరాలు అందరికీ నేర్పించింది.
హైదరాబాదు బ్యాంకాయన చేయి తుడుచుకుని
"ఎంతయింది?" అన్నాడు.
"కొట్టులో అయితే ముప్పై.
ఇంట్లో రేటు నాకు తెలీదు సార్" అనింది.
ఆయన పర్సు పట్టుకుని
చానాసేపు అట్లే కూచున్నాడు.

పోయిన చలికాలం కోటకు అందం చేయాలని వచ్చి
కొట్టు పీకేసినారు.
ఆ చోట ఊరిపేరు ఎర్రక్షరాల్లో నిలబెట్టి
పక్కన గుండెకాయ బొమ్మ పెట్టినారు.
జంటలు దాన్ని కావలించుకుని ఫొటోలు దిగుతాండారు.
సరిగ్గా ఆడనే ఉండె పొయ్యి.
మధ్యాన్నం ముట్టుకుంటే బొమ్మ గూడా కాలుతాది.

కాశింబీ ఇప్పుడు గంప ఎత్తుకుని తిరుగుతాంది.
ఒకనాడు ధాన్యం కొట్టు నీడ,
ఒకనాడు పగిలిన బురుజు కింద,
శుక్రవారమైతే మసీదు గోడ పక్క.
"పెద్దమ్మా, ఈడ కూచోగూడదు" అని
వాచ్‌మన్ గంగులయ్య లేపుతాడు,
లేపేముందు ఒక ప్లేటు తిని.

అందుకే ఎవరన్నా అడిగితే
నేను తావు పేరు చెప్పను.
కోట కనిపించే మలుపు కాడ
బండి మెల్లగా పోనిస్తా.
పోపులో ఎర్రగడ్డ వేగే వాసన ఏ పక్కనుంచి వస్తే
ఆ పక్క ఉంటాది ఆమె.
"అన్నా, ఏం వాసనది?" అన్నారా, బ్రేకు వేస్తా.

అద్దాలెత్తుకుని ఏసీ వేయమంటే మాత్రం
నాలుగున్నర చుక్కల కాడికే తీస్కపోతా.
ఆడ డ్రైవర్లకు భోజనం ఊరికే పెడతారు.
అన్నం తెల్లగా ఉంటాది,
పెరుగు చల్లగా ఉంటాది,
అబద్ధం చెప్పగూడదు, అప్పళం గూడా ఇస్తారు.
కడుపునిండా తినే వస్తా.

ఏమో మరి, కొండ దిగేలోపల
మళ్లీ ఆకలైతాది.