గుండుతాడు

దరఖాస్తులో ఏడో ప్రశ్న:
ఇంతకు ముందు ఇల్లు కట్టిన అనుభవం ఉందా?
ఉంది, అని రాశాను.
తొమ్మిదేళ్ళప్పుడు, ఎర్ణావూరులో,
ఇటుకలు చేతులు మారే వరసలో
మూడో మనిషిని నేను.

ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
ఎందుకు రావాలనుకుంటున్నారు?
రెండొందల మాటలకు మించకుండా.

సముద్రం మా గుడిసెని పట్టుకుపోయిన ఏడాది
రేకుల షెడ్డులో పదకొండు నెలలున్నాం.
మధ్యాహ్నానికి రేకు కాగితే
అవ్వ తడిపిన గోనెపట్టా కప్పుకుని కూర్చునేది.
అప్పుడొచ్చారు వాళ్ళు, బస్సు దిగి,
ఎర్రగా కమిలిన మెడలతో, కొత్త చేతితొడుగులతో.
అందులో ఒకమ్మాయి పేరు ఓర్లా.
అవ్వకి నోరు తిరగలేదు. ఓర్పమ్మా, అని పిలిచింది.
ఆ పిల్ల పలికింది.

ఓర్పమ్మకి తాపీ పట్టుకోవడం రాదు.
సిమెంటుని దోసెపిండిలా గుండ్రంగా తిప్పేది.
మా నాయన మునెయ్య
నడుము పడిపోయి హార్బరు గేటు దగ్గర కాపలా కూర్చోక ముందు
ఇరవై ఏళ్ళ మేస్త్రి.
పక్కన నిలబడి సూపర్, సూపర్ అనేవాడు.
ఆయనకొచ్చిన ఇంగ్లీషు అదొక్కటే.

బస్సు వెళ్ళిపోయాక, రాత్రి,
పెట్రోమాక్సు వెలుగులో
ఆ గోడని విప్పేవాడు.
తడి ఆరకముందే ఒక్కో ఇటుకా తీసి, గీకి,
గుండుతాడు వేలాడదీసి, ఒక కన్ను మూసి,
మళ్ళీ పేర్చేవాడు.
నేను నీళ్ళు చల్లేదాన్ని.
"చెప్పబాక పాపా. దూరం నించి వచ్చిన బిడ్డలు."
తెల్లారి వాళ్ళు తమ గోడ పక్కన
భుజాల మీద చేతులేసుకుని ఫొటోలు దిగేవాళ్ళు.

ఆఖరి రోజు ఓర్పమ్మ కట్టిన గోడ మాత్రం విప్పలేదు.
వంటింటిది. లోపలికి వేలెడు ఒరిగింది.
ఎందుకు నాయనా, అంటే
"కూలదులే" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా ఆ గోడమీద
క్యాలెండరు అడుగుభాగం గాల్లోనే ఉంటుంది.
అల్మారా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.
అక్కడి అద్దంలో మేమంతా
ఎవరికో కాస్త వంగి దణ్ణం పెడుతున్నట్టుంటాం.
అవ్వ పోయేదాకా ఆ మూల పేరు ఓర్పమ్మే.
పప్పుడబ్బా ఏదీ అంటే
ఓర్పమ్మ దగ్గర చూడు, అనేది.

సేవ, అని రాసి కొట్టేశాను.
రుణం, అని రాస్తే బ్యాంకు కాగితంలా కనపడింది.
పైగా టికెట్టు డబ్బుకి
నిజంగానే చీటీ పాడాను, నాలుగు వేలు నష్టానికి.

ల్యాబులో జెసింతక్క అడిగింది:
ఇక్కడ కాలవ గట్టున గుడిసెలు లేవా?
కాంబోడియాకే పోవాలా?
ఉన్నాయక్కా.
రక్తం గొట్టాల మీద పేర్లు అంటిస్తూ
సాయంత్రం దాకా ఆ ప్రశ్నని మోశాను.
ఇంకా దించలేదు.

నిన్న నాయన మంచం కింది పెట్టె లాగి
గుండుతాడు తీశాడు.
ఇంకా వాళ్ళు పిలవలేదు నాయనా, అన్నా వినలేదు.
ఇత్తడి గుండు, ఒకవైపు నొక్కు పడింది.
దారం మాత్రం కొత్తది, ఎప్పుడు మార్చాడో.
"చేతిసంచిలో పెట్టబాక, గుంజుకుంటారు.
బట్టల మధ్య పెట్టు."
తర్వాత చాలాసేపు ఫ్యాను చప్పుడే.

"రాత్రిపూట ఎవరన్నా నీ గోడ విప్పతా ఉంటే
చప్పుడు ఇనపడద్ది.
లేచి చూడబాక."

గడువు రేపు రాత్రి పన్నెండు.
ఎనిమిదో గడి ఖాళీగా ఉంది.
వంటింట్లో అల్మారా తలుపు మళ్ళీ తెరుచుకుంది.
లేచివెళ్ళి వేసొచ్చాను.