పొలుసులు

మొదట టీ కప్పులతో మొదలెట్టాను.
సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డ జనం
తాగి నలిపి పారేసినవి
రోజుకో పాతిక ఏరి సంచిలో వేసుకుంటుంటే
టిక్కెట్లు కోసే అబ్బాయి అడిగాడు,
"కేజీ ఎంతకిస్తన్నారండీ?"
కొంగ చేస్తున్నానని చెప్పడానికి సిగ్గేసి
రెండు రూపాయలన్నాను.

కొంగ ఒక్క రాత్రి నిలబడింది.
కడగని కప్పుల అడుగున పంచదార ఉంటుందని
నాకంటే ముందు చీమలకి తెలిసింది.
తెల్లారేసరికి మెడ మీంచి కాళ్ళ దాకా నల్లటి దారి.
అమ్మ చీపురుతో ఎత్తి పెంట మీద పోసింది,
"నీ బొమ్మకి ప్రాణమొచ్చిందే, పాకుతోంది" అంటూ.

నేను చేసేది నరసాపురంలో, మందుల షాపులో.
పొద్దుటి నుంచీ కత్తెరతో బిళ్ళల అట్టలు కోస్తాను:
షుగరుకి పది, బీపీకి పదిహేను,
చేతిలో డబ్బు ఆడనివాళ్ళకి మూడు.
ఊరి రోగాలన్నీ నా వేళ్ళకి తెలుసు,
నోటికి తెలియవు.

ఓ రోజు ముసలాయన ఒకాయన
ఖాళీ అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"ఇదే కావాలమ్మా, దీని పేరు నాకు నోరు తిరగదు."
దాని మీద ఎండ పడింది.
బిళ్ళలు పోయిన గుంటలు, అంచుల్లో చిరిగిన వెండి రేకు.
చేపల బజార్లో కత్తిపీట చుట్టూ ఎగిరే పొలుసుల్ని
పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదాన్ని,
ఆ పూట చిల్లర తప్పిచ్చాను.

అప్పట్నుంచి అడుక్కోవడమే.
వాడేసినవి పారెయ్యకండి, నాకివ్వండి.
కొందరు కవరు నిండా తెచ్చారు.
కొందరు "మా ఇంట్లో ఏ జబ్బులూ లేవమ్మా" అన్నారు,
నెల నెలా వాళ్ళ మందులు కట్టిచ్చేది నేనే.

జిగురు పట్టలేదు.
శ్రావణం ముసురులో రేకు మీంచి పాలలా జారింది.
గట్టిది తెస్తే చేపని వదిలేసి
నా బొటనవేలూ చూపుడువేలూ అంటుకున్నాయి.
ఆ చేత్తోనే సాయంత్రం పంటు టిక్కెట్టు పట్టుకున్నాను.

వల బాగుచేసుకుంటూ పోలయ్య బాబాయి
మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు,
"అంటించకే. కుట్టు.
పొలుసు తల వైపు నాటుకుంటది,
తోక వైపు వదులుగా ఉంటది.
ఎప్పుడూ చేప తోమలేదేటి?"
తోమాను బాబాయ్. చూడలేదు.

రొయ్యల మేత సంచి చుట్టి ఒళ్ళు చేశాను.
సిరప్పు మూతలతో మొప్పలు.
వల ముడి రావడానికి వారం పట్టింది,
వచ్చాక కత్తెర పట్టిన చెయ్యి కూడా
ఖాళీ దొరికితే ముడులే వేసేది.
వసారాలో వేలాడదీస్తే
తల నేలకి, తోక దూలానికి.
పిల్లలు బాతన్నారు.
బాబాయి తోకలో సీసపు గుండు కట్టి
"నీళ్ళు మొయ్యాల్సిన బరువు
ఇక్కడ నీ దారం మోస్తంది, పాపం" అన్నాడు.

కడుపు దగ్గర ఇంకా జానెడు ఖాళీ ఉన్నప్పుడు
వీరవేణమ్మ గారు వచ్చారు,
రబ్బరు బ్యాండు వేసిన కట్టతో.
పైదాంట్లో రెండు బిళ్ళలు మిగిలున్నాయి.
"ఆయనవి. మంగళవారం దాకా వేసుకున్నారు.
ఆ రెండూ నువ్వే తీసి పారెయ్యమ్మా,
నాకు చేతులు రాలేదు."

తీద్దామనే కూర్చున్నాను.
బొటనవేలితో నొక్కడం, అంతే కదా,
రోజూ ఎంతమంది చేస్తారు.

చేప ఇంకా కొంచెం వంకరే.
కన్ను ఒకవైపే కుదిరింది.
ఏటి గాలి తిరిగినప్పుడు పొలుసులన్నీ ఒక్కసారి
రేకుల కప్పు మీద చినుకుల్లా మోగుతాయి,
ఆ చప్పుడు ఆగాక
అడుగున ఎక్కడో చిన్నగా ఇంకోటి.
చూడ్డానికొచ్చినవాళ్ళు తల ఎత్తి
"లోపల ఏదో ఊడినట్టుందే" అంటారు.
బాగుచేస్తానంటాను.